అన్నం, ఇన్సులిన్, నేను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు ఫోను చేసి "ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడమ్మా" అంటే, నేను డాక్టర్ని కాదు, బ్యాంకులో లెక్కలు చూసుకునేదాన్ని అన్నాను. "నీకు నలభై ఏళ్ళ నుంచి షుగరు కదా, ఆ లెక్కలే చెప్పు" అన్నారు. అందుకని ఇవాళ నేను చెప్పేది వైద్యం కాదు. నా కంచం సంగతి.

1985 మాఘమాసం. నేను ఎనిమిదో తరగతి. ఊళ్ళో మిరపకోతలు జోరుగా ఉన్నాయి, కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. నాకు దాహం మొదలైంది. మామూలు దాహం కాదు. బళ్ళో కుండ దగ్గరికి గంటకోసారి పరిగెత్తేదాన్ని. రాత్రి నాలుగైదుసార్లు లేచేదాన్ని. తిన్నది తిన్నట్టే ఉండేది, ఒంట్లో మాత్రం కండ లేకుండా పీక్కుపోయాను. మా అమ్మ దిష్టి తీసింది. దొడ్లో నేను కూర్చున్న చోట చీమలు పడుతున్నాయని మొదట చూసింది మా నాయనమ్మ. "పిల్లకి తీపి రోగమేరా" అని నాన్నతో అంటే, ముసలివాళ్ళకొచ్చే జబ్బు పదమూడేళ్ళ పిల్లకేమిటని నాన్న కొట్టిపారేశారు. ఆ తర్వాత నాలుగు రోజులకు వాంతులు, ఆయాసం, మగత. కాయ తోలడానికి వచ్చిన లారీలోనే నన్ను గుంటూరు తీసుకెళ్ళారు. పెద్దాసుపత్రిలో నన్ను తూచితే 26 కేజీలున్నాను.

అక్కడ డాక్టరుగారు నాన్నకు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తే. "పెద్దవాళ్ళ షుగరు వేరు, ఇది వేరు. ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒళ్ళే చంపేసుకుంది. మీరేదో పెట్టబట్టి రాలేదు, ఏదో మానిపిస్తే పోదు. బతికినన్నాళ్ళూ ఇంజెక్షను వేసుకోవాలి." నేను బెల్లం ఎక్కువ పెట్టానేమోనని మా అమ్మ మాత్రం పోయేదాకా కుమిలింది.

తర్వాతెప్పుడో చదివాను. 1922 జనవరిలో కెనడాలో, టొరంటో ఆసుపత్రిలో, మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఎక్కించింది లెనర్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడికి. వాడి బరువు 65 పౌన్లు, అంటే ముప్పై కేజీల్లోపే. నా ఈడు, నా వాటం. అంతకు ముందు ఇలాంటి పిల్లలకు ఉన్న ఒకే ఒక వైద్యం పస్తులు. అన్నం, రొట్టె, పాలు అన్నీ తగ్గించి, ఎముకల గూడులా అయినా సరే ఇంకొన్ని నెలలు బతికించడం. బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అందుచేత, పత్యంతో షుగరు మందు మానేయవచ్చని ఎవరైనా నాతో అంటే నాకు ఆ పస్తుల పిల్లలే గుర్తొస్తారు. మా రకం వాళ్ళకు పత్యం ఇన్సులిన్‌కు తోడు. దానికి బదులు కాదు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. జబ్బు బయటపడిన ఏడాదికే మా బంధువొకాయన ఒక వైద్యుడి దగ్గర ఆకుపొడి తెచ్చాడు. సూది మానేసి నలభై రోజులు పొడి వాడాలన్నాడు. రోజూ బిడ్డకు సూది గుచ్చలేక ఏడ్చే తల్లికి ఆ మాట దేవుడి మాటలాగే ఉంటుంది కదండీ. మూడో రోజు సాయంత్రానికి మళ్ళీ వాంతులు, ఆయాసం, నోట్లోంచి పండు మగ్గిన వాసన. మళ్ళీ గుంటూరు. ఆ బంధువు ఎంతో మంచివాడు, మా మీద ప్రేమతోనే తెచ్చాడు. నాకు తెలిసినంతలో ఈ జబ్బున్న పిల్లలకు కీడు చేసేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువే.

ఇక మన బడి సంగతి. అప్పట్లో గ్లూకోమీటర్లు మన ఊళ్ళ దాకా రాలేదు. షుగరు చూడాలంటే మూత్రమే. పరీక్షనాళికలో బెనెడిక్ట్ ద్రావణం ఐదు మిల్లీలీటర్లు, ఎనిమిది చుక్కల మూత్రం, కింద మంట. నీలం అలాగే ఉంటే షుగరు లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, నారింజ, చివరికి ఇటుకరాయి ఎరుపు. ద్రావణం ఆసుపత్రిలో ఇచ్చిన సీసా అయిపోయాక ఎక్కడ తేవాలో నాన్నకు తెలియలేదు. మన సైన్సు మాస్టారు ఆ మాట విని, లాబ్ తాళం తీసి, మైలతుత్తం, సోడియం సిట్రేటు, సోడియం కార్బొనేటు తూచి తనే కలిపి ఇచ్చారు. అక్కడితో ఆగలేదు. పొద్దున్నే ఇంట్లో చేసుకొచ్చిన రంగు ఏమిటో ఒక చిన్న నోటుబుక్కులో రాయించేవారు. పక్క గడిలో ముందురోజు రాత్రి ఏం తిన్నానో రాయాలి. ఆయన పేరు చెప్పనివ్వలేదు. చెబితే లేచి వెళ్ళిపోతానని ఇందాకే బెదిరించారు. రెండో వరసలోనే ఉన్నారు. తల దించుకున్నది ఆయనే, వెతుక్కోండి.

ఆ నోటుబుక్కే నాకు మొదటి పాఠం. నెల తిరిగేసరికి మాస్టారు అడిగారు, "ఏమ్మాయ్, గోంగూర పచ్చడి రాసిన ప్రతి రోజూ పక్కన ఇటుక రంగే ఉందేం?" అని. నేను గోంగూరలో షుగరుందేమో అనుకున్నాను. "గోంగూరలో లేదు, గోంగూరతో ఎంత అన్నం తింటున్నావో అందులో ఉంది" అన్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. పండుమిరపకాయ పచ్చడి, కందిపచ్చడి, చింతకాయ తొక్కు, ఏదీ పెద్దగా షుగరు పెంచదు. ఆ పచ్చడికి నెయ్యి తోడై, నాలుగు ముద్దలు తినేచోట పది ముద్దలు దిగుతాయి. కారం తింటే షుగరు తగ్గుతుందని కొందరు, కాకరకాయ రసం తాగితే చాలని కొందరు అడుగుతుంటారు. కాకరకాయ కూర నాకు ఇష్టమే. కూరగానే తింటాను.

అప్పటి నుంచి మా అమ్మ అన్నం కొలిచింది. గిద్దతో బియ్యం కొలిచి నాకు విడిగా వండేది. ఇంట్లో అందరికీ ఒక గిన్నె, నాకు ఒక చిన్న గిన్నె. పదమూడేళ్ళ పిల్లకు ఆ చిన్న గిన్నె ఎంత అవమానంగా ఉండేదో చెప్పలేను. నా చెల్లెలు ఒకరోజు "నాకూ చిన్న గిన్నెలోనే పెట్టు" అని మారాం చేసి అందులోనే తినడం మొదలుపెట్టింది. తనూ ఈ బడి విద్యార్థినే, ఇవాళ రాలేకపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అప్పుడు నాకిచ్చిన ఇన్సులిన్ పశువుల క్లోమం నుంచి తీసింది. పొద్దున వేస్తే రోజంతా మెల్లిగా పనిచేసేది. వేశాక ఆకలున్నా లేకపోయినా వేళకు తినాల్సిందే, లేకపోతే షుగరు పడిపోతుంది. అంటే ఇన్సులిన్ కోసం మేం తినేవాళ్ళం. ఇప్పుడు చాలామంది తిండిని బట్టి ఇన్సులిన్ వేసుకుంటున్నారు. ఈ తేడా చిన్నది కాదు. అందుకే పదకొండు గంటలకు, లెక్కల క్లాసు మధ్యలో, నేను డబ్బా తీసి రెండు ఇడ్లీలు తినేదాన్ని. మాస్టారు మిగతా మాస్టర్లందరికీ చెప్పి ఉంచారు. క్లాసులో ఇడ్లీ తినే హక్కున్న ఏకైక విద్యార్థిని నేనే. మగపిల్లలు కుళ్ళుకునేవాళ్ళు.

ఇంట్లో ఫ్రిజ్ లేదు. పల్నాటి వైపు రెంటచింతల ఎండలు మీకందరికీ తెలుసు, మన ఊరూ పెద్ద తక్కువేం కాదు. ఒక పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, దాని మధ్య చిన్న కుండ పెట్టి, అందులో ఇన్సులిన్ సీసా ఉంచేవాళ్ళం. రోజుకు రెండుసార్లు ఇసుక తడపడం నాయనమ్మ పని. గాజు సిరంజి మరగబెట్టడం అమ్మ పని. కరెంటు లేని చోట ఇప్పటికీ ఆ కుండ పనికొస్తుంది.

నేను దాచుకున్నది ఒకటుంది. ఇవాళ మొదటిసారి చెబుతున్నాను. 1987 పదో తరగతి పరీక్షలు. సెంటరు వేరే ఊళ్ళో పడింది. ఆ రోజు పొద్దున పరీక్ష కంగారులో సరిగా తినలేదు. గంట గడిచేసరికి చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట, ప్రశ్నపత్రం మీద అక్షరాలు ఈదుతున్నాయి. ఓణీ కొంగున కట్టుకున్న చక్కెర పొట్లం విప్పబోయాను. ఇన్విజిలేటరు చూశారు. చీటీ అనుకున్నారు. పొట్లం లాక్కున్నారు. నోట మాట రావడం లేదు నాకు. షుగరు పడిపోయినప్పుడు మనిషి తాగినవాడిలా మాట్లాడతాడు, మొండికేస్తాడు, ఒక్కోసారి ఏడుస్తాడు. ఆయనకు అది దొంగ ఏడుపులా కనిపించి ఉంటుంది. బల్ల మీద వాలిపోయాను. వెనక బెంచీలో ఉన్న మన బడి పిల్లాడు లేచి "సార్, ఆ అమ్మాయికి చక్కెర పెట్టకపోతే చచ్చిపోతుంది" అని అరిచాడు. వాణ్ణి బయటికి పంపేస్తామని బెదిరించి, చివరికి పొట్లం విప్పి చూసి, నా చేతిలో పెట్టారు. ఆ పరీక్షలో నాకు 41 మార్కులు వచ్చాయి. ఆ పిల్లాడికి ఎన్నొచ్చాయో అడగలేదు. వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు, ఇప్పుడు అడుగుతాను.

ఆ ఇన్విజిలేటరు మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఆయనకు ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. జబ్బు బయటపడితే రేపు పెళ్ళి కాదని మా ఇంట్లో భయం. హాలుటికెట్టుతో పాటు ఒక ఉత్తరం రాసి ఇచ్చి ఉంటే అయిపోయేది. 2017లో సీబీఎస్ఈ వాళ్ళు షుగరున్న పిల్లలు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్ళలు, పండు, నీళ్ళ సీసా తెచ్చుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. పేపర్లో అది చదివి బ్యాంకులో నా సీట్లో కూర్చుని ఏడ్చాను. పక్కన కస్టమరు నా అకౌంటు ఏమైందండీ అని కంగారుపడ్డాడు.

మూత్రపరీక్షలో ఉన్న లోపం కూడా అదే. రక్తంలో షుగరు 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. నీలం రంగు చూసి మురిసిపోతాం, అది 150 కావచ్చు, 45 కావచ్చు. గ్లూకోమీటరు చేతికొచ్చాక గాని నా ఒళ్ళు నాకు అర్థం కాలేదు. 1993లో అమెరికా, కెనడాల్లో 1,441 మంది మా రకం రోగుల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. షుగరును మామూలు స్థాయికి దగ్గరగా ఉంచితే కళ్ళు, కిడ్నీలు, నరాలు చెడడం బాగా తగ్గుతుందని తేలింది. ఆ అధ్యయనంలోనే ఇంకోటీ తేలింది. అలా గట్టిగా పట్టి ఉంచితే షుగరు పడిపోవడమూ ఎక్కువవుతుంది. మా బతుకంతా ఈ రెంటి మధ్య తాడు మీద నడకే.

ఆ నడకలో నాకు అబ్బిన లెక్క ఇది. ఇది నాది, మీ లెక్క మీ డాక్టరు కడతారు. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. మామూలు సైజు ఇడ్లీలో పది దాకా. నేను వంటింటి త్రాసు కొని ఆరు నెలలు ప్రతిదీ తూచాను. మా అత్తగారు "బంగారం కూడా ఇంతిలా తూచర్రా" అనేది. ఆరు నెలల తర్వాత త్రాసు అక్కర్లేకపోయింది, గరిటె చూస్తే తెలిసిపోతుంది. సంక్రాంతికి అరిసె తింటాను. ఒకటి. తూచి, లెక్కేసి, ఇన్సులిన్ వేసుకుని, అన్నం తగ్గించి తింటాను. షుగరున్నవాళ్ళు అరిసె వైపు చూడకూడదనే వాళ్ళు భోజనంలో అన్నం నాలుగోసారి వడ్డించుకోవడం నేను చూశాను.

ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో కలుపుకుంటే షుగరు నెమ్మదిగా పెరుగుతుంది. మనకు అలవాటు లేని పద్ధతే. ఉత్తి పప్పు ఎలా తింటారని మా ఇంట్లో నవ్వారు. ఇప్పుడు మా వారూ అలాగే తింటున్నారు, ఆయనకు పెద్దవాళ్ళ షుగరు వచ్చింది.

కొర్రలు, జొన్నల గురించి అందరూ అడుగుతారు. మన తాతల కాలంలో ఈ మెట్ట ఊళ్ళలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగే తిండి. వరన్నం పండక్కి. 1967లో సాగరు నీళ్ళు వదిలాక కుడికాలువ కింద వరి వచ్చింది. 1986లో మన బాపట్ల నుంచే బీపీటీ 5204 వచ్చింది, సాంబా మసూరి. ఇంత సన్నని, మెత్తని అన్నం వద్దనే నోరు ఎక్కడుంది? నేను బాపట్లను తప్పుపట్టడం లేదు, ఆ బియ్యం దేశమంతా తింటోంది. అదే సాంబా మసూరికి హైదరాబాదు శాస్త్రవేత్తలు ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చి 2008లో విడుదల చేశారు. దాని గ్లైసీమిక్ సూచిక 55 లోపేనని తర్వాత పరీక్షల్లో తేలింది. దొరికితే నేను అదే కొంటాను.

అయితే ఒక మోసం ఉంది ఇందులో. ఎండు గింజ 100 గ్రాములు తీసుకుంటే బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా, జొన్నల్లో 70 దగ్గర, కొర్రల్లో 60 పైన. తేడా ఉంది, కానీ కొర్రల్లో షుగరు లేదనుకుని రెండు కంచాలు తింటే వరన్నమే నయం. పీచు వల్ల నెమ్మదిగా అరుగుతాయి, కడుపు నిండుతుంది, అంతవరకే. జొన్నరొట్టె తిన్న రోజు నాకు షుగరు తాపీగా ఎక్కుతుంది. ఇన్సులిన్ ముందే పనిచేసి, తిండి వెనకబడి, ఒకసారి బస్సులో పడిపోబోయాను కూడా. ఆ సంగతి ఏ చిరుధాన్యాల పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

ఇంకోటి త్వరగా చెప్పేస్తాను. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. సిరంజిలూ రెండు రకాలే, ఎర్రమూత 40కి, నారింజ మూత 100కి. ఒకసారి తొందరలో మందుల షాపులో ఇచ్చిన నారింజ మూత సిరంజితో 40 సీసాలోంచి పది గీతలు తీశాను. అది పది యూనిట్లు కాదు, నాలుగే. రెండు రోజులు షుగరు 400 దాటి, నేను తిన్న ప్రతి మెతుకునూ తిట్టుకున్నాను. తప్పు మెతుకుది కాదు. తిరగేసి చేస్తే ఇంకా ప్రమాదం, పది అనుకున్నది ఇరవై అయిదవుతుంది.

పెళ్ళి గురించి అడుగుతారని తెలుసు. చెప్పొద్దని పెద్దవాళ్ళన్నారు. పెళ్ళిచూపుల్లో నేనే చెప్పాను. రెండు సంబంధాలు పోయాయి. మూడోవారు "రోజుకి ఎన్నిసార్లు పొడుచుకోవాలి?" అని మాత్రం అడిగారు. మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై ఏడు.

ఇదంతా ఇవాళ ఎందుకు చెబుతున్నానంటే, పొద్దున జెండా ఎగరేసేటప్పుడు ఒకామె నా దగ్గరికొచ్చింది. పత్తి తీతకు వెళ్ళే మనిషి. ఆమె కూతురు ఇదే బళ్ళో ఏడో తరగతి, నా జబ్బే. నెల నుంచి పిల్లను బడికి పంపడం లేదు. క్లాసులో పడిపోతే ఎవరు చూస్తారని భయం. హెడ్మాస్టరుగారితో, క్లాసు టీచరుగారితో ఇందాక మాట్లాడాను. సోమవారం నుంచి పంపుతానంది.

టీచర్లకు నా మనవి ఇంతే. ఆ పిల్ల క్లాసులో తింటుంది, తిననివ్వండి. నీళ్ళు తాగుతుంది, బయటికి వెళ్తానంటుంది, వెళ్ళనివ్వండి. వేలు గుచ్చుకుని చూసుకుంటుంది, పిల్లలు గుమిగూడితే దాచకుండా చూపించనివ్వండి. ఆటల పీరియడుకు ముందు కొంచెం తినాలి. ఉన్నట్టుండి చెమటలు పట్టినా, పిచ్చిగా మాట్లాడినా, నిద్రలోకి జారుతున్నట్టున్నా ముందు మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి, ప్రశ్నలు తర్వాత. పావుగంటకు మళ్ళీ షుగరు చూడండి, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వండి. బజ్జీలూ బిస్కెట్లూ ఆ నిమిషంలో పనికిరావు, అవి ఆలస్యంగా అరుగుతాయి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఒంటరిగా ఇంటికి పంపొద్దు, మంచినీళ్ళ కుండ దాకా కూడా ఒంటరిగా పంపొద్దు.

గ్లూకోజు పొట్లాలు సంచిలో తెచ్చాను. ఒకటి హెడ్మాస్టరుగారి బల్ల సొరుగులో, ఒకటి ఏడో తరగతి బీరువాలో పెడదామనుకుంటున్నాం. తాళం మాత్రం వేయొద్దని అడిగాను. లాబ్‌లో ఇప్పటికీ బెనెడిక్ట్ ద్రావణం సీసా ఉందట. మాస్టారూ, ఆ పిల్లకు మీటరు ఉంది గనక దాని అవసరం లేదు, కానీ నోటుబుక్కు నేను కొన్నాను, మొదటి పేజీ మీరే గీతలు గీసి ఇవ్వాలి.

భోజనాలకు ఆలస్యమవుతోందని సైగ చేస్తున్నారు. వడ్డించే తమ్ముళ్ళూ, నా విస్తట్లో అన్నం ఒక్క గరిటే. గోంగూర ఎంతైనా వేయండి.